రెండు వేళ్ల సందు

పోయిన నెల మనుమరాలి పెళ్లి కోసం ఒక కోటు కుట్టించుకోవలసి వచ్చింది. ఇంటికి దగ్గరలో ఉన్న దర్జీ దుకాణానికి వెళ్లాను. మాస్టరుకు నలభై దాటి ఉంటాయి. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. నన్ను అద్దానికి ఎదురుగా నిలబెట్టి, చేతులు కొంచెం ఎత్తమని చెప్పి, టేపును వీపు వెనక నుంచి తెచ్చి ఛాతి మీద కలిపాడు. కలిపే ముందు తన చూపుడు వేలూ మధ్య వేలూ టేపుకూ నా చొక్కాకూ మధ్య దూర్చాడు. ఏ దర్జీ అయినా చేసే పనే. ఆ వేళ్లు తగలగానే నేను ఒక అడుగు వెనక్కు వేశాను. "ఆ వేళ్లు తీసి కొలువు" అన్నాను. అతను టేపును అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. అతను జవాబు చెప్పడానికి పట్టిన ఆ కాసేపట్లో నాకు బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాసన వచ్చింది. ఆ దుకాణంలో ఉన్నది కరెంటు ఇస్త్రీ పెట్టె.

మా బాపు దర్జీ. ఆబిడ్స్‌లో పెద్ద రోడ్డు మీద కాదు, దాని వెనక సందులో మా దుకాణం. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ముందు అద్దం, దాని పక్కన కటింగ్ బల్ల, వెనక రెండు మిషన్లు, ఆ వెనక గాలి రాని ఒక చీకటి గది. ఇల్లు నాంపల్లిలో, స్టేషనుకు దగ్గర. ఒక పెద్ద ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టెలు కొడుతుంటే ఆ చప్పుడుకు లేచేవాణ్ని. బాపు స్నానం చేసి, కత్తెరను పాత మెత్తటి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని నడిచి దుకాణానికి వెళ్లేవాడు. ఆ కత్తెరను రాత్రి దుకాణంలో వదిలేవాడు కాదు, ఇంకొకరి చేతికి ఇచ్చేవాడూ కాదు. ఆయన వెళ్లాక అమ్మ గడపలో కూర్చుని కోట్లకు కాజాలు కుట్టేది. దారానికి మైనం రాసి, నోటితో తడిపి, సూదిలోకి ఎక్కించి, తల ఎత్తకుండా కుట్టేది. మా ఇంట్లో అన్నం వాసన కన్నా మైనం వాసనే ఎక్కువగా ఉండేదని నా జ్ఞాపకం.

అక్షరాలు వచ్చినప్పటి నుంచి దుకాణంలో నా పని కొలతలు రాయడం. ఆ పనికి ఒక కట్టుబాటు ఉండేది. కొలిచేవాడు అంకెను పైకి చెప్పాలి, రాసేవాడు రాయాలి. రాసేవాడు టేపు ముట్టకూడదు, చెప్పిన అంకెకు ఎదురు అడగకూడదు. బాపు కొలిచేటప్పుడు చూపుడు వేలూ మధ్య వేలూ టేపు లోపలే ఉండేవి. ఎవరైనా షోకు మనిషి వచ్చి బిగుతుగా కావాలంటే బాపు నవ్వేవాడే కానీ వేళ్లు తీసేవాడు కాదు. "గట్ల గాదు సాబ్, లోపల మనిషి ఉంటడు గద. జర ఊపిరాడాలె" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానంటే అది నాకు మాటలా కాక మిషను చప్పుడులా వినబడేది. ఆయన చెప్పిన అంకె ఒంటి కొలత కాదు, కోటు కొలత అని ఎవరూ నాకు విడమరచి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆ దుకాణంలో ఎవరికీ రాలేదు. అక్కడ ఒళ్లు అంటే కోటులో పట్టేది అని మాత్రమే అర్థం.

నిజాం ఫౌజు ఉన్నన్నాళ్లూ మా గిరాకీ అంతా ఆ అఫ్సర్లదే. ఫౌజు రద్దయ్యాక ఒక్కొక్కరూ రావడం మానేశారు. మానకుండా వచ్చింది ఒక కప్తాన్ సాబ్. బషీర్‌బాగ్‌లో ఉండేవాడు, పొడుగాటి మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఆయన ఫౌజు కోటు ఒకటి కుట్టడం పూర్తయిన రోజుల్లోనే ఫౌజు పోయింది. పైసలు ముందే ఇచ్చేశాడు కాబట్టి కోటు ఆయనదే. కానీ ఇంటికి తీసుకుపోలేదు. ఒకరి పేరు మీద కత్తెర పెట్టిన బట్టను ఇంకొకరికి ఇవ్వడం మా వృత్తిలో లేదు. అందుకని అది వెనక గదిలో కొక్కేనికి వేలాడుతూ ఉండేది. కొన్ని వారాలకొకసారి ఆయన వచ్చి, చాయ్ తాగి, "మాస్టర్, ఒకసారి" అనేవాడు. బాపు కోటు తెచ్చి వెనక నుంచి పట్టుకుని తొడిగేవాడు. ఆయన అన్ని గుండీలూ పెట్టుకుని అద్దంలో చూసుకుని, మళ్లీ అన్నీ విప్పి ఇచ్చేసేవాడు. మనిషి వచ్చిన ప్రతిసారీ కొంచెం సన్నబడేవాడు. ఒకసారి ఛాతి దగ్గర కోటులోకి పిడికిలి దూర్చి చూపించి, "నీ రెండు వేళ్లు ఇంత అయ్యాయి మాస్టర్" అని ఉర్దూలో అన్నాడు. బాపు నవ్వలేదు. "అన్నం తినాలె సాబ్" అన్నాడు, అదీ ఉర్దూలోనే.

అప్పటికి నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాను. చదువుకోవడానికి నాకు ఉన్న చోటు కటింగ్ బల్ల చివర. బాపు బట్ట థాను పరిచినప్పుడల్లా పుస్తకాలు ఎత్తి ఒళ్లో పెట్టుకోవాలి, బట్ట కదిలినప్పుడు మళ్లీ దించాలి. డ్రాయింగు కాగితం మీద సుద్ద పొడి, సైను పట్టికల మధ్య దారపు ముక్కలు. సందులో ఎదురుగా ఉన్న గోడ ఎంత దగ్గరంటే మధ్యాహ్నం తప్ప వెలుతురు వచ్చేది కాదు. ఆ గోడను చూస్తూ కూర్చున్న రోజుల్లో నాకు ఒక్కటే భయం. చదువు అయిపోగానే బాపు కత్తెర నా చేతికి ఇస్తాడు. ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని ఆ కత్తెరను ప్రేమగా, గుడ్డతో సహా ఇస్తాడు. అప్పుడు కాదనడానికి నాకు నోరు రాదు.

ఆ సమయంలోనే కాలేజీవాళ్లు మమ్మల్ని బేగంపేటకు తీసుకెళ్లి, విప్పి పెట్టిన ఒక విమానం ఇంజను చూపించారు. సిలిండర్లు ఒక చుట్టుగా, పువ్వు రేకుల్లా అమర్చి ఉన్నాయి. దాని పక్కన నిలబడి వివరించిన వాయుసేన అధికారి చేతికి గ్రీజు అంటి ఉంది. చొక్కా మాత్రం ఎక్కడా ముడత లేదు. చేతికి గ్రీజు ఉండి కూడా గౌరవం ఉండే ఉద్యోగం ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రమే, బాపు కొలతల అట్టల్లో ఒక ఖాళీ అట్ట తీసుకుని మూడు గళ్లు గీశాను. నౌకాదళంలో ఇంజన్లున్నాయి, కానీ నేను సముద్రం చూడలేదు, ఈత రాదు. సైన్యంలో ఇంజనీర్లున్నారు, కానీ వంతెనలూ రోడ్లూ ఎక్కువ, నా చదువు సగమే పనికొస్తుంది. వాయుసేన సాంకేతిక శాఖలో నేను చదివినదంతా పనికొస్తుంది. కింద, ఏ వయసుకు ఏ హోదా రావచ్చో, మధ్యలో ఏ పరీక్షలు రాయాలో, ఎప్పుడు పదవీ విరమణో కూడా రాశాను. ఇంకో పక్క వాళ్లు అడిగే అర్హతలు వరసగా వేశాను. గణితం, ఇంగ్లీషు, కంటి చూపు, ఎత్తు, బరువు, ఛాతి. లోటు ఉన్నవాటి పక్కన చుక్క, లోటు లేనివాటి మీద అడ్డగీత.

అట్ట దాచలేదు. దాచే చోటు మాకు లేదు. బాపు మరునాడే దాన్ని బల్ల మీద చూసి, "ఏంది ఇది, ఎవల కొలతలు?" అన్నాడు.

"నావే బాపూ. ఫౌజుకు పోదామనుకుంటున్న. వాయుసేనకు."

బాపు అట్టను చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అయినా పై నుంచి కిందికి వేలు జరిపాడు. "చదివి చెప్పు" అన్నాడు. చెప్పాను. ఏ వయసుకు ఏ హోదా, ఏ ఊళ్లు, చివరకు పెన్షను. అంతా విని, "మంచిగ రాసినవ్. అండ్ల మేమేడ ఉన్నం?" అన్నాడు.

నేను అట్ట వైపు చూశాను. మూడు గళ్లలో వాళ్లకు చోటు లేదు.

ఆయన కోప్పడితే నా పని తేలికయ్యేది. ఆయన కోప్పడలేదు, సంతోషించాడు. నేను చిక్కుకున్నది అక్కడే. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మతో, "అఫ్సర్ అయితడట నీ కొడుకు. కానీ ఆర్మీల కావాలె. సికింద్రాబాద్ ఛావనీల మన కోటు ఒక్కనికి మంచిగ కూసుంటే పది మంది అడుగుతరు, ఎవలు కుట్టిన్రని. మన దుకాణం మల్ల నడుస్తది" అన్నాడు. నేను దుకాణం నుంచి పారిపోవడానికి వేసుకున్న దారి నేరుగా దుకాణం లోపలికే వస్తోంది.

"గాలిల ఎగిరేటోళ్లు కోట్లు తొడగరా?" అంది అమ్మ.

"తొడుగుతరు. నీలం రంగు. ఆ బట్ట మన దగ్గర ఏడున్నది? నేను నా బతుకుల నీలం యూనిఫారం కుట్టలె."

"కుట్టకపోతే నేర్చుకో. ముసలోనివైనవా?" అంది అమ్మ. ఆ ఇంట్లో నా పక్షాన వచ్చిన మాట అదొక్కటే. అదీ సగం బాపును ఉడికించడానికే అన్నది.

కప్తాన్ సాబ్ వచ్చినప్పుడు బాపు తగువు ఆయన ముందు పెట్టాడు. ఆయన కోటు గుండీలు పెట్టుకుంటూ నన్ను అద్దంలోనే చూశాడు. "ఏ శాఖ అని అడుగుతున్నావా? నువ్వు రిటైరయ్యే దాకా ఉండే ఫౌజు ఏదో చూసుకుని చేరు. నేను ఆ సంగతి చూసుకోలేదు" అన్నాడు. తర్వాత తనే నవ్వాడు, బాపూ నవ్వాడు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. చదివి వినిపించాను. మొదటి కోరిక వాయుసేన అన్నప్పుడు బాపు సూది గుచ్చుకున్నట్టు చూశాడు. "రెండోది?" అన్నాడు. "ఆర్మీ" అన్నాను. "అయితే అదే పడ్తది నీకు, చూడు" అని ఉర్దూలో సంతకం చేశాడు. చేసి, "ఇగ అద్దం ముంగట నిలవడు. వాళ్లు పిలిస్తే వారంల పోవాలె, బట్ట అప్పటికే కత్తిరించి ఉండాలె" అన్నాడు. వెనక నుంచి ఆర్మీవాళ్లు తొడిగే ముదురు పచ్చ డ్రిల్లు బట్ట థాను తీసుకొచ్చాడు. ఎప్పుడు కొన్నాడో నాకు తెలియదు. సంతకం చేసిన మనిషికి అద్దం ముందు నిలబడనని చెప్పలేకపోయాను. టేపు వీపు వెనక నుంచి వచ్చింది, రెండు వేళ్లు నా రొమ్ముకు తగిలాయి. ఆయన అంకె చెప్పాడు, నేను నిలబడే, చెయ్యి చాపి, ఎప్పటిలాగే రాశాను. అది వాళ్లు అడిగే ఛాతి కన్నా అర అంగుళం ఎక్కువ. ఊపిరి పీల్చి ఒకసారి, వదిలి ఒకసారి కొలిపించుకున్నాను. ఆ తేడా కూడా సరిపోయింది. ఆ రాత్రి అట్ట మీద ఛాతి అన్న చోట అడ్డగీత కొట్టాను. మరునాడు బాపు పచ్చ బట్ట పరిచి సుద్దతో గీసి కత్తెర పెట్టాడు. నేను పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. బట్ట తెగే చప్పుడు బల్ల చెక్కలోంచి నా మోచేతుల్లోకి వచ్చింది.

తర్వాత చాలా నెలలు చుక్కలున్నవాటి మీదనే గడిపాను. ఇంగ్లీషు మాట్లాడడం, గణితం, కళ్లకు విశ్రాంతి. మా మేనత్త కొడుకు మల్లేశం రోజూ కసరత్తుల తాలింఖానాకు పోయి దండీలు తీసేవాడు. ఎర్రమట్టి అంటిన ఒంటితో మా గడపలో కూర్చుని పాలు తాగుతూ నన్ను పిలిచేవాడు. "రా బావా, జర ఒళ్లు చెయ్యి. గీ ఎముకలు చూసి విమానం గూడ బెదురుతది."

"నాకు అవసరం లేదు. కొలత సరిపోయింది" అనేవాణ్ని.

"ఎవలు కొలిసిన్రు?"

"బాపు."

"అయితే ఫికర్ లేదు పో" అనేవాడు. వాడికీ బాపు కొలత మీద నాకున్నంత నమ్మకం. ఆ సందులో, ఆ ఇంట్లో, ఆ వాడకట్టులో బాపు కొలతను రెండోసారి కొలిచిన మనిషి లేడు.

రాత పరీక్ష గట్టెక్కాను. బెంగళూరుకు పిలిచారు. అక్కడ రోజుల తరబడి మాట్లాడించారు, దూకించారు, తాళ్లు పట్టుకుని ఎక్కించారు. చివరి రోజు పేర్లు చదివితే నా పేరు వచ్చింది, వాయుసేన సాంకేతిక శాఖకే. మిగిలింది వైద్య పరీక్ష. ఒక పొడుగాటి గదిలో చొక్కాలు లేకుండా వరసలో నిలబడ్డాం. నా వంతు వచ్చింది. టేపు వీపు వెనక నుంచి వచ్చింది. చల్లగా చర్మానికి తగిలింది. నేను ఆ రెండు వేళ్ల కోసం ఎదురుచూశాను. ఇప్పటికీ ఆ క్షణం నా ఒంటి మీద ఉంది. టేపు మూసుకుంది, మధ్యలోకి ఏ వేలూ రాలేదు. కొలిచేవాడు అంకె చెప్పాడు, పక్కన కూర్చున్నవాడు రాశాడు. ముప్పావు అంగుళం తక్కువ. తప్పు విన్నానేమో అనుకుని మళ్లీ కొలవమన్నాను. మళ్లీ అదే. డాక్టరు మంచివాడే. "వ్యాయామం చేస్తే ఆరు నెలల్లో వస్తుంది, మళ్లీ రా" అని ఇంగ్లీషులో అన్నాడు. మళ్లీ వచ్చే విడతకు నా వయసు దాటిపోతుంది. నా అట్ట మీద ఆ లెక్క కూడా ఉంది.

నాంపల్లిలో రైలు దిగాక ఇంటికి పోలేదు, పెట్టె మోసుకుంటూ నేరుగా దుకాణానికి వెళ్లాను. దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను. బాపు వేళ్ల మందమూ చొక్కా మందమూ కలిపి ఒక పక్క, నాకు తక్కువైన ముప్పావూ ఎక్కువ అనుకున్న అరా కలిపి ఇంకో పక్క. లెక్క సరిగ్గా సరిపోయింది. అంత కచ్చితంగా సరిపోయిన లెక్క ఆ తర్వాత నేను వర్క్‌షాపులో కూడా చూడలేదు. బాపు నన్ను చూసి మిషను ఆపాడు. పచ్చ కోటు ముక్కలు చుట్టి బల్ల మీద ఒక పక్కన పెట్టి ఉన్నాయి.

"ఛాతి తక్కువైంది బాపూ" అన్నాను.

ఆయన లేచి, మెడలోని టేపు తీశాడు. "అంగి విడువు" అన్నాడు. విడిచాను. ఆయన టేపు కలిపాడు. కలిపేటప్పుడు వేళ్లు అలవాటుగా లోపలికి వచ్చాయి. వాటిని ఆయనే చూసుకుని, మెల్లగా బయటికి తీసుకున్నాడు. టేపు బిగిసింది. అంకె చెప్పాడు. బెంగళూరు అంకే. "రాసుకో" అన్నాడు. పెన్సిలు నా పక్కనే ఉంది. నేను రాయలేదు. ఆయన ఇంకోసారి చెప్పలేదు. టేపు నా చుట్టూ అలాగే ఉండగా, "ఇన్నేండ్ల సంది ఎవ్వల్నీ గిట్ల కొలువలె బిడ్డా. గిట్ల కొలిస్తే మనిషి మిగలడు గద" అన్నాడు. ఆ మాటలో తప్పు ఒప్పుకోవడం లేదు, సాకు లేదు. ఆయనకు తెలిసినది చెప్పాడు, అంతే. ఆయన మీద అరవడానికి దారిలో తయారు చేసుకున్న మాటలు వదిలేసి నేను అంగి తొడుక్కున్నాను.

కత్తెర పెట్టిన బట్ట కాబట్టి కోటు కుట్టాడు. భుజం పట్టీలు లేకుండా, ఇత్తడి గుండీలకు బదులు కొమ్ము గుండీలతో. అమ్మ కాజాలు కుట్టింది. కత్తెర మాత్రం నా చేతికి ఇవ్వలేదు. ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు కూడా. నాకు బస్సుల వర్క్‌షాపులో పని దొరికింది. ఇంజన్లే, చేతికి గ్రీజే. చలికాలం పొద్దున్నే ఆ పచ్చ కోటు వేసుకుని పోయేవాణ్ని. మొదటి వారంలోనే ఎవరో "మిల్ట్రీ వచ్చిండు, నిలవడున్రి" అన్నారు. అందరూ నవ్వారు. పదవీ విరమణ దాకా అక్కడ నా పేరు మిల్ట్రీ సాబే. నన్ను అసలు పేరుతో, సత్యం అని పిలిచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిల్ట్రీ అన్న మాట విన్న ప్రతిసారీ ఛాతి చుట్టూ టేపు కొంచెం బిగిసేది. కోటు మాత్రం ఎప్పుడూ బిగవలేదు. నడివయసులో పొట్ట వచ్చినప్పుడు కూడా అది నాకు పట్టింది.

కప్తాన్ సాబ్ ఒక ఏడాది రావడం మానేశాడు. ఆయన పోయాడని తర్వాత తెలిసింది. ఆయన కోటు బాపు ఉన్నంతకాలం కొక్కేనికే ఉంది. ఇప్పుడు ఆ సందులో చెప్పుల దుకాణం ఉంది. నాంపల్లి ఇంటి స్థలంలో లాడ్జి వచ్చింది. అప్పటి రోజులను ఇప్పటితో కొలిచి చూద్దామని నాకూ ఉంటుంది, నా వయసువాళ్లందరికీ ఉంటుంది. అప్పుడు ఊపిరాడలేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. సందు ఇరుకు, గది చీకటి, బల్ల మీద చోటు లేదు, వేసుకున్న ప్రతి ప్రణాళికలోనూ ఇంకొకరి చెయ్యి. ఈ రోజున నాకు మూడు గదుల ఇల్లుంది, కిటికీల నిండా గాలి. మనుమరాలు ఏం చదవాలో, ఎక్కడ ఉద్యోగం చెయ్యాలో తనే చూసుకుంది. తన కాగితంలో మేమెక్కడ ఉన్నామని నేను అడగలేదు. అడగాలని నోటి దాకా వచ్చింది.

ఆ దర్జీ ఇంకా నా ముఖంలోకే చూస్తున్నాడు. వేళ్లు తీసి కొలవమన్నందుకు కోపం లేదు, చిన్నపిల్లవాడికి నచ్చజెప్పేవాడిలా ఉన్నాడు.

"తీస్తే మీకు ఊపిరాడదు సార్" అన్నాడు.

నేను మళ్లీ అద్దం ముందుకు వచ్చి, చేతులు ఎత్తాను. అతను టేపు కలిపి, అంకె పైకి చెప్పాడు. రాసేవాళ్లు ఎవరూ లేరు. చెవి మీది పెన్సిలు తీసి అతనే రాసుకోబోతుంటే, "ఇటివ్వు, నేను రాస్తాను" అన్నాను.